ఒక ఊరు – రెండు రకాల బళ్ళు : శాన్ ఆంటోనియో పాఠశాలల చరిత్ర

ఈ రోజుల్లో మన బస్తీల నుంచి కూడా అమెరికా వెళ్ళి స్థిరపడినవాళ్ళు వున్నారు. టెక్సాసు రాష్ట్రంలో డల్లాసులోనో, హ్యూస్టనులోనో ఇల్లు వెతుక్కుంటున్న కుర్రవాణ్ణి ఫోనులో మనం అడిగేదేమిటి? "బజారు దగ్గరేనా నాయనా, కరెంటు నీళ్ళు బాగుంటాయా?" అని. అతను మాత్రం, "అవన్నీ తర్వాత మామూ, ముందు ఆ ఇల్లు ఏ స్కూలు డిస్ట్రిక్టులోకి వస్తుందో చూడాలి" అంటాడు. ఇంటికీ బడికీ అంత సంబంధమేమిటని మనకు ఆశ్చర్యం కలగటం సహజం.

సంబంధం వుంది. అది తెలుసుకోవాలంటే అదే టెక్సాసులోని శాన్ ఆంటోనియో అనే నగరం చరిత్ర చదవాలి. అక్కడ రేకుల పని చేసుకునే ఒక సామాన్య కార్మికుడు తన పిల్లల బడి గురించి వేసిన దావా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పిల్లల చదువుల కోసం పైసా పైసా కూడబెట్టే మన సభ్యులకు, వారి కుటుంబాలకు ఈ చరిత్ర ఉపయోగపడుతుందని నా నమ్మకం.

స్కూలు డిస్ట్రిక్టు అంటే?

డిస్ట్రిక్టు అనగానే మనకు కలెక్టరు, జిల్లా పరిషత్తు గుర్తుకు వస్తాయి. అక్కడి స్కూలు డిస్ట్రిక్టు అది కాదు. అది బళ్ళ కోసమే ఏర్పడిన ప్రత్యేక స్థానిక సంస్థ. మునిసిపాలిటీతో దానికి సంబంధం లేదు. టెక్సాసు ఒక్క రాష్ట్రంలోనే ఇటువంటివి వెయ్యికి పైగా వున్నాయి. ఒకే నగరంలో అయిదారు కూడా వుండవచ్చు. ఈ వీధి ఒక డిస్ట్రిక్టులో వుంటే, పక్క వీధి ఇంకొక దానిలో వుండవచ్చు.

ఒక్కొక్క డిస్ట్రిక్టుకూ ప్రజలు ఎన్నుకున్న ట్రస్టీల బోర్డు వుంటుంది. సాధారణంగా ఏడుగురు సభ్యులు. వారికి జీతం లేదు. సూపరింటెండెంటును నియమించేది వారే, బడ్జెటు ఆమోదించేది వారే, పన్ను రేటు నిర్ణయించేది కూడా వారే. అసలు కీలకం ఈ చివరి అధికారంలోనే వుంది. ఇళ్ళ మీద, స్థలాల మీద, దుకాణాల మీద, కర్మాగారాల మీద స్కూలు బోర్డు పన్ను వేసి ఆ డబ్బుతో బళ్ళు నడుపుతుంది. ఇంటి పన్నులో బడి వాటాయే చాలా చోట్ల పెద్దది.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో వచ్చింది కాదు. 1854లో టెక్సాసు ప్రభుత్వం ఇరవై లక్షల డాలర్లతో శాశ్వత పాఠశాల నిధి నెలకొల్పింది. 1883లో రాజ్యాంగాన్ని సవరించి, స్థానిక డిస్ట్రిక్టులు తమ బళ్ళ కోసం ఆస్తి పన్ను వేసుకోవచ్చునన్నారు. అప్పటికి రాష్ట్రమంతా పల్లెలూ పొలాలూను. ఒక చోటికీ ఇంకొక చోటికీ ఆస్తుల విలువలో పెద్ద తేడా వుండేది కాదు. ఆ తర్వాత పట్టణాలు పెరిగాయి, పరిశ్రమలు వచ్చాయి. కొన్ని డిస్ట్రిక్టులు ధనవంతమయ్యాయి, మిగతావి వున్నచోటే వుండిపోయాయి. దీన్ని కొంత సరిదిద్దటానికి 1949లో కనీస నిధి పథకం పెట్టారు. ఆ పథకం ఖర్చులో సుమారు 80 వంతులు రాష్ట్రం, 20 వంతులు డిస్ట్రిక్టులన్నీ కలిసి భరించాలి. ఆ పైన ఎవరి శక్తికొద్దీ వాళ్ళు పన్ను వేసి ఖర్చు పెట్టుకోవచ్చు. చిక్కంతా ఈ "శక్తికొద్దీ" దగ్గరే వచ్చింది.

ఎడ్జ్‌వుడ్, ఆలమో హైట్స్

1967–68లో శాన్ ఆంటోనియో ప్రాంతంలో ఏడు స్కూలు డిస్ట్రిక్టులుండేవి. అందులో ఎడ్జ్‌వుడ్ పేదవాళ్ళది. 25 బళ్ళు, సుమారు 22,000 మంది పిల్లలు. నూటికి 90 మంది మెక్సికన్ సంతతివారు, ఆరుగురికి పైగా నల్లజాతివారు. పరిశ్రమలు, వ్యాపారాలు బహు తక్కువ. కొద్ది మైళ్ళ దూరంలో ఆలమో హైట్స్. అది కలవారి పేట. ఆరు బళ్ళు, సుమారు 5,000 మంది పిల్లలు.

ఇక లెక్కలు చూడండి. ఒక్కొక్క విద్యార్థికి ఎడ్జ్‌వుడ్‌లో వున్న ఆస్తి విలువ 5,960 డాలర్లు. ఆలమో హైట్స్‌లో 49,000కు పైగా. పన్ను ఎవరు ఎక్కువ కట్టారనుకుంటున్నారు? పేదవాళ్ళే! వంద డాలర్ల ఆస్తికి ఎడ్జ్‌వుడ్ వారు 1 డాలరు 5 సెంట్లు కట్టారు, ఆలమో హైట్స్ వారు 85 సెంట్లే కట్టారు. అయినప్పటికీ, కనీస పథకానికి చెల్లించవలసిన వాటా పోగా, ఎడ్జ్‌వుడ్‌కు పిల్లవాడి తలకు మిగిలింది 26 డాలర్లు. ఆలమో హైట్స్‌కు మిగిలింది 333 డాలర్లు.

రాష్ట్రమన్నా ఈ తేడా పూడ్చిందా అంటే అదీ లేదు. కనీస పథకం నుంచి ఎడ్జ్‌వుడ్‌కు తలకు 222 డాలర్లు వస్తే, ఆలమో హైట్స్‌కు 225 వచ్చాయి. కేంద్ర సహాయం మాత్రం పేద డిస్ట్రిక్టుకు 108, ధనిక డిస్ట్రిక్టుకు 36. అన్నీ కలిపితే ఎడ్జ్‌వుడ్ పిల్లవాడి మీద సంవత్సరానికి 356 డాలర్లు, ఆలమో హైట్స్ పిల్లవాడి మీద 594 డాలర్లు ఖర్చయ్యాయి.

ఆ తేడా తరగతి గదిలో కనబడింది. 1968–69లో ఆలమో హైట్స్ ఉపాధ్యాయులందరూ డిగ్రీ చదివినవారే. ఎడ్జ్‌వుడ్‌లో డిగ్రీ వున్నవారు నూటికి 80 మంది. పూర్తి అర్హత లేక తాత్కాలిక అనుమతి మీద పాఠం చెప్పేవారు ఆలమో హైట్స్‌లో నూటికి 11 మంది వుంటే, ఎడ్జ్‌వుడ్‌లో 47 మంది వున్నారు.

పిల్లలు బయటకు వచ్చారు

1968 మే 16న ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు సుమారు 400 మంది తరగతులు విడిచి సూపరింటెండెంటు ఆఫీసుకు ఊరేగింపుగా నడిచారు. శిథిలమైన గదులు బాగుచేయించాలి, అర్హత వున్న మాస్టర్లను వెయ్యాలి – ఇవీ వాళ్ళ కోరికలు. పిల్లలు అంత పని చేసేసరికి తల్లిదండ్రులు మేలుకున్నారు. సంఘం పెట్టుకున్నారు. వారిలో ఒకరు డెమెట్రియో రోడ్రిగ్స్. సైన్యంలో పనిచేసి వచ్చి, కెల్లీ వైమానిక స్థావరంలో రేకుల పని చేస్తున్న మనిషి. ఆయన పిల్లలు ఎడ్జ్‌వుడ్ బడిలోనే చదువుతున్నారు.

మొదట్లో వీళ్ళు, డబ్బంతా మన బోర్డువాళ్ళే పాడుచేస్తున్నారని అనుకున్నారు. ఆర్థర్ గాక్‌మన్ అనే వకీలు దగ్గరకు వెళితే ఆయన లెక్కలు తీసి చూపించాడు. లోపం బోర్డులో మాత్రమే లేదు, డబ్బు పంచే పద్ధతిలోనే వున్నదని తేలింది. 1968 జూలైలో దావా వేశారు. విచిత్రమేమిటంటే, దావా పేరులో ప్రతివాదిగా నిలిచిపోయిన శాన్ ఆంటోనియో డిస్ట్రిక్టు తర్వాత కేసు నుంచి తప్పుకుని, సుప్రీంకోర్టులో ఈ తల్లిదండ్రుల పక్షానే వాదన దాఖలు చేసింది.

1971 డిసెంబరులో ముగ్గురు జడ్జీల ఫెడరల్ కోర్టు వీరికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. పద్ధతి మార్చుకోవటానికి రాష్ట్రానికి రెండేళ్ళ గడువు ఇచ్చింది. రాష్ట్రం అప్పీలు చేసింది. 1973 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒక పక్క, నలుగురు ఒక పక్కగా చీలి, కింది తీర్పును కొట్టివేసింది.

మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ లూయిస్ పావెల్ ఒకప్పుడు రిచ్‌మండ్ నగరంలో స్కూలు బోర్డు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. స్థానికుల చేతిలో అధికారం వుండాలన్నది ఆయన దృష్టి. విద్య ముఖ్యమైనదే గాని అమెరికా రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్నాడు. ఎడ్జ్‌వుడ్ పిల్లలకు చదువు తక్కువైందే తప్ప అసలు లేకుండా పోలేదన్నాడు. పన్నుల పద్ధతిలో సంస్కరణ అవసరమే, అయితే అది శాసనసభలు చేయవలసిన పని అన్నాడు.

భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ వైట్ ఒక్క లెక్కతో జవాబిచ్చాడు. ఆ కౌంటీలో అన్నిటికంటె ఎక్కువ రాబడి వస్తున్న డిస్ట్రిక్టుతో సమానంగా రావాలంటే ఆలమో హైట్స్ వందకు 68 సెంట్లు పన్ను వేస్తే చాలు. ఎడ్జ్‌వుడ్ 5 డాలర్ల 76 సెంట్లు వెయ్యాలి. చట్టం ఒప్పుకునే గరిష్ఠ పన్ను ఒకటిన్నర డాలరు! ఇక స్థానిక అధికారం వుండి పేదవాడికి ప్రయోజనమేమిటి? 1954లో బళ్ళలో జాతి వివక్షను రద్దు చేయించిన కేసు వాదించిన థర్గుడ్ మార్షల్ కూడా అప్పటికి జడ్జీగా ఆ కోర్టులోనే వున్నాడు. ఆయన సుదీర్ఘమైన అసమ్మతి తీర్పు రాశాడు.

రెండో పోరాటం

ఓడిపోయారు గనుక ఊరుకున్నారా? ఊరుకోలేదు. కేంద్ర రాజ్యాంగం తలుపు మూసేస్తే రాష్ట్ర రాజ్యాంగం తలుపు తట్టారు. ఉచిత పాఠశాలల సమర్థమైన వ్యవస్థను నెలకొల్పటం శాసనసభ విధి అని టెక్సాసు రాజ్యాంగంలో వుంది. ఆ ఒక్క "సమర్థమైన" అనే మాట పట్టుకుని 1984లో మళ్ళీ దావా వేశారు. ఈసారి ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టే వాది.

1989 అక్టోబరు 2న టెక్సాసు సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా వీరి పక్షాన తీర్పు ఇచ్చారు. అప్పటికి రాష్ట్రంలో అతి ధనిక డిస్ట్రిక్టుకు విద్యార్థి తలకు కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా ఆస్తి వుంటే, అతి పేద దానికి సుమారు 20,000 వుంది. అంటే ఏడువందల రెట్లు! ఎడ్జ్‌వుడ్‌కు 38,854 డాలర్లు, ఆలమో హైట్స్‌కు 5,70,109 డాలర్లు. ఇరవై ఏళ్ళలో దూరం తగ్గకపోగా పెరిగింది.

తీర్పు వచ్చినంత మాత్రాన పని కాలేదు. శాసనసభ చేసిన చట్టాలను కోర్టు 1991లో ఒకసారి, 1992లో ఒకసారి తోసిపుచ్చింది. 1993 మే నెలలో రాజ్యాంగ సవరణ పెడితే ఓటర్లు ఓడించారు. ఆ నెలలోనే కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం విద్యార్థి తలకు 2,80,000 డాలర్లకు మించి ఆస్తి వున్న డిస్ట్రిక్టు ఆ పై భాగం రాబడిని ఏదో ఒక విధంగా ఇతరులతో పంచుకోవాలి. కలవారి దగ్గర తీసి లేనివారికి ఇచ్చే కథల దొంగ పేరు మీద జనం దీనికి "రాబిన్ హుడ్" చట్టమని పేరు పెట్టారు. 1995లో కోర్టు దీన్ని ఆమోదించింది.

తగాదా అక్కడితోనూ తెగలేదు. 600కు పైగా డిస్ట్రిక్టులు కలిసి వేసిన దావాలో 2016లో అదే కోర్టు, ఈ వ్యవస్థలో లోపాలున్నప్పటికీ రాజ్యాంగం కోరే కనీస స్థాయిలో వున్నదని తీర్పు చెప్పింది. 2019లో శాసనసభ విద్యార్థి తలకు ఇచ్చే మూల నిధిని 5,140 నుంచి 6,160 డాలర్లకు పెంచింది.

డబ్బు వస్తే చాలునా?

చాలదు. ఇది కూడా ఎడ్జ్‌వుడ్ చరిత్రే చెబుతుంది. నిధులు మెరుగైనా ఆ పేట బీదరికం పోలేదు. పిల్లలు తగ్గిపోతూ వచ్చారు. చివరికి ట్రస్టీల మధ్య తగవులతో పాలన కుంటుపడి, 2016లో రాష్ట్ర విద్యా కమిషనరు ఎన్నికైన బోర్డును పక్కకు పెట్టి తానే నియమించిన మేనేజర్ల బోర్డుకు పగ్గాలు అప్పగించాడు. న్యాయం కోసం కోర్టులెక్కిన డిస్ట్రిక్టు తన ఇంటిని తాను చక్కబెట్టుకోలేకపోవటం విచారకరం.

అలాగని డబ్బుతో పని లేదనీ అనకూడదు. 1966లో కోల్‌మన్ నివేదిక బడి వసతులకంటె కుటుంబ పరిస్థితులే చదువును ఎక్కువగా నిర్ణయిస్తాయని చెప్పింది. చాలామంది దాన్ని సాకుగా తీసుకున్నారు. అయితే, ఇటువంటి దావాల మూలంగా నిధులు పెరిగిన డిస్ట్రిక్టుల పిల్లలను పెద్దయ్యేదాకా గమనించి 2016లో వెలువడిన ఒక పరిశోధన వేరే మాట చెప్పింది. పన్నెండేళ్ళ చదువు పొడుగునా ఖర్చు నూటికి పది చొప్పున పెరిగితే, పేద పిల్లలు సుమారు అర సంవత్సరం ఎక్కువ చదివారు. పెద్దయ్యాక వారి సంపాదన నూటికి తొమ్మిదికి పైగా పెరిగింది.

మన సంగతి

మన దేశంలో చరిత్ర వేరు దారిన నడిచింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993లో మన సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్ళ వయసు వరకు విద్య ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2002లో రాజ్యాంగ సవరణ జరిగింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. రోడ్రిగ్స్‌కు ఆయన దేశపు కోర్టు ఇవ్వని మాటను మన పిల్లలకు మన కోర్టు ఇచ్చింది. మన జిల్లా పరిషత్తు బడి మాస్టరు జీతం ఊరి ఇంటిపన్ను మీద ఆధారపడదు, రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. అది మన అదృష్టం. కాని ఆ కారణం చేతనే "బడి సర్కారుది, మనదేముంది" అని మనం దూరంగా వుండిపోయాం. బడి కమిటీ మీటింగుకు రమ్మంటే పదిమంది రారు.

సోదర సోదరీమణులారా! రోడ్రిగ్స్ 2013లో చనిపోయాడు. మొదటి కేసు గెలవలేదు, రెండో కేసు గెలిచేనాటికి ఆయన పిల్లల బడి వయసు దాటిపోయింది. అయినా తన పేట పిల్లల తలకు ఎన్ని డాలర్లు ఖర్చవుతున్నాయో, పక్క పేటలో ఎన్ని అవుతున్నాయో లెక్క అడిగిన మనిషిగా ఆయన పేరు నిలిచింది. మనమూ ఆ మాత్రం చెయ్యవచ్చు. మన వీధి బడికి ఎంత గ్రాంటు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎన్ని మాస్టరు పోస్టులు ఖాళీగా వున్నాయి – ఈ మూడు ప్రశ్నలు ప్రతి సంవత్సరం అడుగుదాం. ఫీజులకు చందాలివ్వటం మంచిదే. లెక్క అడగటానికి చందా కూడా అక్కరలేదు, ఒక పూట తీరిక చాలు.