చెరకు కోతల గుడారం

తెలంగాణలోని వర్ని, రుద్రూర్, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చదివితే ఈ నేల ఎవరెవరికి నీడనిచ్చిందో సగం తెలిసిపోతుంది. ఒక పేరు చివర తండా, ఇంకో పేరు చివర క్యాంపు, మరోదాని చివర ఫారం. ఇప్పుడు అవన్నీ స్లాబు ఇళ్లు, సిమెంటు రోడ్లు, బడి ఉన్న ఊళ్లే. మొదట్లో మాత్రం నాలుగు కర్రలు పాతి, పైన దొరికింది కప్పుకుని తలదాచుకున్న చోట్లు. అదే నేల మీద చెరకు కోతల కాలంలో లేచి, కోతలు ముగియగానే ఆనవాలు లేకుండా పోయే నివాసం మరొకటి ఉంది. మహారాష్ట్రలోని మరాఠ్వాడా నుంచి వచ్చే కోత కూలీలు దాన్ని కోపి అంటారు. వెదురు కర్రల కొసలు కలిపి కట్టి, మీద తడికో టార్పాలినో కప్పిన గుడారం అది. ఈ ప్రాంతపు చక్కెర చరిత్రలో ఆనకట్టకు చోటుంది, ఫ్యాక్టరీకి చోటుంది. కోపికి కూడా ఉండాలి. ఎందుకంటే అది లేకుండా ఒక్క గడ కూడా మిల్లు గానుగ దాకా చేరేది కాదు.

గుడారంలో బతకడం ఇక్కడి నేలకు చెరకుతో వచ్చిన అలవాటేమీ కాదు. రైళ్లు రాకముందు దక్కన్‌లో ధాన్యం, ఉప్పు మోసింది లంబాడాల ఎద్దులే. 17వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దులు ఒక్క బారున సాగిపోయే బిడారుల గురించి రాశాడు. పెళ్లాం పిల్లలు వెంటే, ఇల్లు వెంటే. రోడ్లు, రైళ్లు వచ్చి ఆ వృత్తి చితికిపోయాక బిడారులు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. ఆగిన చోటే తండా అయింది.

తర్వాత నీళ్లొచ్చాయి. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలన, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగు. రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాలకు నీరందించాలన్నది అప్పటి లెక్క. జొన్నకు, పత్తికి అలవాటుపడ్డ నల్లరేగడికి కాలువ నీళ్లు కొత్త. కాలువ కింద వరి పండించడం తెలిసిన రైతులు కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి కదిలివచ్చారు. అక్కడ ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ ఎకరాలు కొనుక్కోవచ్చు. పొలం దగ్గరే పాకలు వేసుకున్నారు. ఆ పాకల గుంపులే క్యాంపులు. పాకలు పెంకుటిళ్లయ్యాయి, పెంకుటిళ్లు మేడలయ్యాయి, క్యాంపు అన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. భూమి చేతిలో ఉన్నవాడి గుడిసె ఊరుగా ఎదుగుతుంది. దానికి ఈ తాలూకాల కంటే స్పష్టమైన రుజువు తెలంగాణలో మరెక్కడా దొరకదేమో.

కాలువ వచ్చిన ఆరేళ్లకు, 1937లో, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి హైదరాబాద్ ప్రభుత్వం 1929లో ఏర్పాటు చేసిన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ దాని వెనక ఉంది. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. అధికారులకు బంగళాలు, కార్మికులకు క్వార్టర్లు, ఆస్పత్రి, బడి. వేల ఎకరాల సొంత చెరకు తోటలు కూడా ఫ్యాక్టరీకి ఉండేవి. రుద్రూర్‌లో చెరకు మీద, వరి మీద పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. విత్తనం నుంచి బస్తా దాకా ప్రతి మెట్టుకూ ఒక కట్టడం లేచింది. కోత కోసేవాడి మెట్టు దగ్గర మాత్రం కట్టడం లేదు, గుడారమే.

దానికి కారణం చెరకు గడలోనే ఉంది. కోసిన క్షణం నుంచి గడలోని చక్కెర విరగడం మొదలవుతుంది, బరువూ తగ్గుతుంది. ఇరవై నాలుగు గంటల్లో గానుగకు చేరితే మంచిది. రెండు మూడు రోజులు ఎండలో పడితే రైతుకు తూకంలో నష్టం, మిల్లుకు చక్కెరలో నష్టం. అందువల్ల కోత ఒక్కసారిగా జరగదు. మిల్లు ఇచ్చిన కోత పర్మిట్ ప్రకారం రోజుకింత, తోటకింత అని నవంబరు నుంచి మార్చి దాకా సాగుతుంది. కోత మనిషి తోట పక్కనే ఉండాలి. తెల్లవారకముందే కత్తి పట్టాలి, బండి ఏ రాత్రి వచ్చినా గడలెత్తాలి. ఈ తోట అయిపోగానే మరో తోటకు మారాలి. ఇంత పనికి పనికొచ్చే ఇల్లు ఎలా ఉండాలి? గంటలో లేవాలి, గంటలో విప్పాలి, ఎడ్లబండిలోనో ట్రాక్టరు ట్రాలీలోనో సామానుతో పాటు సర్దాలి.

ఈ పనికి వచ్చినవాళ్లలో మరాఠ్వాడా వాళ్ల వాటా పెద్దది. బోధన్ దాటితే నాందేడ్ జిల్లానే. 1956 నవంబరు 1 దాకా అటూ ఇటూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. బోధన్ బజారులో నేటికీ తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. మంజీరకు అవతల వాన తక్కువ, మెట్ట ఎక్కువ. దసరా దాటాక అక్కడ పని ఉండదు. 1972 కరువు మహారాష్ట్రలో లక్షల మందిని ఊళ్లు వదిలించింది, ఆ తర్వాత కోతలకు వలస పోవడం అక్కడ కుటుంబాల ఏడాది లెక్కలో భాగమైంది. భార్యాభర్తల జంటను ఒక కోయతా అని లెక్కపెడతారు. కోయతా అంటే కోత కత్తి. మనుషులను తెచ్చే మేస్త్రీ ముకద్దం. సీజనుకు ముందు చేతిలో పెట్టే అడ్వాన్సు ఉచల్. ఆ ఉచల్ తీరేదాకా కోయతా కదలడానికి లేదు.

కోపి కట్టే పద్ధతి చూడటానికి తేలిక, వెనక అనుభవం చాలా ఉంది. ముందు చోటు ఎంచాలి. తోటకు దగ్గరగా, కాలువ గట్టుకు కాస్త ఎత్తున, నీళ్లు నిలవని చోటు. మూడు వెదురు కర్రల కొసలు తాడుతో బిగించి ముక్కాలి పీటలా నిలబెట్టి, మిగతా కర్రలు చుట్టూ ఆనిస్తారు. కొందరు గుండ్రంగా, కొందరు రెండు వాలుల కప్పులా పొడవుగా కడతారు. దాని మీద వెదురు తడికలు. వాటి మీద ఒకప్పుడు ఎండు చెరకాకు, గడ్డి, గోనెపట్టా. ఇప్పుడు టార్పాలిన్. అంచుల మీద మట్టిపెళ్లలో రాళ్లో పెట్టి, చుట్టూ జానెడు లోతు కాలువ తీస్తారు. అకాల వాన వస్తే ఆ చిన్న కాలువే పడకను కాపాడుతుంది. గాలి వచ్చే వైపు వీపు, తోట వైపు ద్వారం. లోపల ఒక మూల బియ్యం, పిండి, ట్రంకు పెట్టె. పిల్లలకు మధ్యలో చోటు. నిలబడితే తల తగిలే ఎత్తు.

ప్రపంచం మరో కొసన ఇదే ఆలోచన ఇంకా చాలా దూరం వెళ్లింది. ఉత్తర అమెరికా మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన లకోటా, షయెన్ వంటి జాతులు కట్టుకున్న టిపీ కూడా శంఖాకారపు గుడారమే. మూడు నాలుగు కర్రల మీద నిలబెట్టి, పదిహేను దాకా కర్రలు ఆనించి, దున్న తోళ్లు కప్పేవాళ్లు. 1870, 80 దశకాల్లో వేటగాళ్లు దున్నల మందలను తుడిచిపెట్టాక తోలు స్థానంలో కాన్వాస్ గుడ్డ వచ్చింది. టిపీ గొప్పతనమంతా మంట లోపల పెట్టుకోగలగడంలో ఉంది. కొసన పొగ పోయే రంధ్రం, దానికి రెండు వైపులా గాలిని బట్టి తిప్పుకునే రెక్కలు. లోపల మనిషి భుజం ఎత్తున మరో పొర వేలాడదీస్తారు. చల్లగాలి ఆ రెండు పొరల మధ్య నుంచి పైకి ఎక్కి పొగను వెంట తీసుకుపోతుంది. పడుకున్నవాళ్ల మీదికి గాలి కొట్టదు. టిపీలను చూసిన అమెరికా సైనికాధికారి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ 1856లో తన శంఖు గుడారానికి పేటెంట్ తీసుకున్నాడు. మధ్యలో ఒకే గుంజ, డజను మంది సైనికులకు చోటు, అడుగు లేని రేకు పొయ్యి, దానికి పొగగొట్టం. నేడు మంచు దేశాల్లో టార్పాలిన్‌తో ఇంటి దగ్గరే కుట్టుకునే వేడి గుడారాల్లో చాలా వాటిలో ఇదే ఆలోచన కనిపిస్తుంది.

వర్ని వైపు మంచు పడదు. అయినా డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతుంటాయి. తడి కాలువ గట్టు మీద, పలచటి కప్పు కింద ఆ చలి ఎముకల్లోకి దిగుతుంది. మరి కోపిలో పొయ్యి ఎందుకు పెట్టరు? మూడు రాళ్ల పొయ్యి ద్వారం బయటే ఉంటుంది, తెల్లవారుజామున పిల్లలు దాని చుట్టూ చేరతారు. ఇందులో పెద్ద వివేకముంది. చుట్టూ ఎండు చెరకాకు, పైన తడిక. ఒక్క నిప్పురవ్వ చాలు. అదీగాక ఇప్పటి టార్పాలిన్ పాలిథిన్. 1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో కనుక్కున్న ఆ పదార్థం వంద డిగ్రీలు దాటిన కాసేపటికే కరగడం మొదలుపెడుతుంది. కరిగి బొట్లుగా మీద పడుతుంది. పొగగొట్టం దాని గుండా పోవాలంటే చుట్టూ గాజునార వంటి కాలని పట్టీ కావాలి, పొయ్యికీ గుడ్డకూ మధ్య ఖాళీ కావాలి. అవేవీ లేకుండా చలికి తాళలేక బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకుని, గాలి దూరకుండా అంచులు మూసుకుంటే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికాలంలో టార్పాలిన్ కింద పడుకునే ప్రతి కుటుంబానికీ ఈ ఒక్క సంగతి ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

పాలిథిన్ రాకతో కోపి తేలికైంది, వాన కారడం తగ్గింది. అది మేలే. కానీ గడ్డి కప్పు ఇచ్చిన వెచ్చదనం పోయింది. గడ్డి పొరల్లో గాలి నిలుస్తుంది, రాత్రి వేడిని పట్టి ఉంచుతుంది, మధ్యాహ్నం ఎండను ఆపుతుంది. నీలిరంగు షీటు రెండూ చేయదు. పైగా మనుషుల ఊపిరిలోని తేమ దానికి లోపలివైపు పట్టి తెల్లవారేసరికి దుప్పట్ల మీద రాలుతుంది. ఈ ప్రాంతంలో ప్రతి రైతు ఇంట్లో టార్పాలిన్ ఉంటుంది, వడ్ల కుప్పల మీద కప్పడానికి. ధాన్యం తడవకుండా కాపాడే షీటు కిందే మనిషి ఐదు నెలలు కాపురం చేస్తున్నాడు.

ఇంటి వసతి కూలీ సొంత గొడవ అని చట్టం ఎప్పుడూ అనలేదు. రాష్ట్రం దాటి పనికి వచ్చేవాళ్ల కోసం పార్లమెంటు 1979లో చేసిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, పని జరిగినంత కాలం తగిన నివాసం కల్పించి నిర్వహించే బాధ్యతను కాంట్రాక్టరు మీదే పెట్టింది. కోపి కప్పుకు వెదురు, తడికలు ఇచ్చి చేతులు దులుపుకుంటే ఆ బాధ్యత తీరేది కాదు. మరుగుదొడ్డి లేని గుడారం ఆడవాళ్ల ఒంటి మీద ఏం చేస్తుందో బీడ్ జిల్లా చెప్పింది. మూడేళ్లలో అక్కడ 4,605 మంది స్త్రీలకు గర్భసంచి తీసివేత ఆపరేషన్లు జరిగాయని 2019లో మహారాష్ట్ర శాసనమండలిలోనే బయటపడింది. వాళ్లలో చెరకు కోతకు వెళ్లేవాళ్లు చాలామంది.

బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసిన చేలల్లో వరి ఎక్కువైంది. మిగిలిన చెరకు కామారెడ్డి వైపు మిల్లులకు పోతోంది, కోయతాలూ అటే పోతున్నాయి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చాక ఐదు వందల జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. ఒకనాటి బిడారు గుడారాలకు సర్పంచులు వచ్చారు. క్యాంపులకు రోడ్లు, బస్సులు ఎప్పుడో వచ్చాయి. కోపి ఒక్కటే ఎనభై ఏళ్లయినా మొదలైన చోటే ఉంది.

నిజాం షుగర్స్ మళ్లీ తెరిచే దారి చూడమని రాష్ట్ర ప్రభుత్వం 2024లో కమిటీ వేసింది. బకాయిలు, యంత్రాలు, చెరకు విస్తీర్ణం అన్నీ ఆ లెక్కల్లోకి వస్తాయి. కోత కూలీల నివాసమూ అందులోకి రావాలి. కాలువ గట్టున నాలుగైదు చోట్ల శాశ్వత షెడ్లు, కుళాయి, మరుగుదొడ్లు, పొగగొట్టమున్న పొయ్యి, పిల్లలకు సీజను బడి. ఒక చక్కెర మిల్లు ఖర్చులో ఇది చిన్న పద్దు. వర్ని, బోధన్ రైతు సంఘాలు ఫ్యాక్టరీ కోసం ఇచ్చే ప్రతి వినతిపత్రంలో ఈ ఒక్క డిమాండును కూడా చేర్చాలి.