పురిటి జ్వరం: ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆరు వారాలూ కనిపెట్టుకోవలసిన సంగతి

ముళబాగిలు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో మొదటి కాన్పు పుట్టింటివాళ్ల బాధ్యత. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురైనా, నంగలి దాటి పలమనేరు వైపు ఇచ్చిన కూతురైనా, నెలలు నిండే వేళకు అమ్మ దగ్గరికి చేరుతుంది. కాన్పు ఇప్పుడు ఆసుపత్రిలో జరుగుతోంది. బాణంతనం మాత్రం ఇప్పటికీ ఇంట్లోనే. మామూలు కాన్పయితే రెండు మూడు రోజులకు, ఆపరేషన్ అయితే సుమారు వారానికి తల్లీబిడ్డలు ఇంటికి వస్తారు. ఆ తర్వాత చూసుకునేది డాక్టరు కాదు, అమ్మ, అమ్మమ్మ, పిన్నమ్మ.

చిక్కు ఇక్కడే ఉంది. కాన్పు తర్వాత తల్లికి సోకే ఇన్‌ఫెక్షన్లు చాలావరకు ఇంటికి వచ్చాకే బయటపడతాయి. దాన్ని మొదట చూసేది ఇంట్లో ఆడవాళ్లే. "పాలు పొంగిన జ్వరంలే, రేపటికి తగ్గుతుంది" అని ఒక్కరోజు వాయిదా వేస్తే, ఆ ఒక్కరోజే ప్రాణం మీదికి తేవచ్చు. అందుకే ఈ జబ్బు గురించి తెలుసుకోవలసినదంతా ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

ఏమిటీ జబ్బు

మన పెద్దలు పురిటి జ్వరం, బాలింత జ్వరం అన్నదీ, వైద్య గ్రంథాల్లో సూతికా జ్వరం అన్నదీ, డాక్టర్లు ప్యూర్‌పెరల్ సెప్సిస్ అనేదీ దాదాపు ఒకటే. నొప్పులు మొదలైనప్పటి నుంచి, లేదా ఉమ్మనీరు పోయినప్పటి నుంచి, కాన్పయిన 42వ రోజు వరకు ఎప్పుడైనా ఇది సోకవచ్చు. ఎక్కువగా మొదటి పది రోజుల్లోనే కనబడుతుంది.

కారణం చలిగాలి కాదు, దిష్టి కాదు, తిన్న తిండి కాదు. కారణం సూక్ష్మజీవులు. మాయ ఊడివచ్చిన చోట గర్భసంచి లోపల పెద్ద పచ్చిపుండు ఉంటుంది. గర్భసంచి ముఖద్వారం ఇంకా పూర్తిగా మూసుకుని ఉండదు. స్ట్రెప్టోకాకస్, స్టెఫిలోకాకస్, ఈ-కోలి వంటి క్రిములు ఆ దారిన పైకి వెళ్లి పుండును పట్టుకుంటాయి. అక్కడి నుంచి రక్తంలోకి పాకితే సెప్సిస్ అవుతుంది. అప్పుడు బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తల్లుల మరణాలకు రక్తస్రావం, రక్తపోటుతో పాటు ఇదీ ఒక ముఖ్య కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇన్‌ఫెక్షన్ గర్భసంచికే రావాలని లేదు. ఆపరేషన్ కుట్లకు, కింది భాగంలో వేసిన కుట్లకు, మూత్రనాళానికి, రొమ్ముకు, ఒక్కోసారి ఊపిరితిత్తులకు కూడా రావచ్చు.

ఎవరికి ఎక్కువ ప్రమాదం

సిజేరియన్ అయినవాళ్లకు మామూలు కాన్పు కంటే ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే కోత పెట్టడానికి ముందే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తారు. ఉమ్మనీరు పోయి చాలా గంటలు గడిచాక కాన్పయినవాళ్లకు, నొప్పులు రోజంతా సాగినవాళ్లకు, లోపలి పరీక్షలు ఎక్కువసార్లు చేయవలసి వచ్చినవాళ్లకు, మాయను చేత్తో తీయవలసి వచ్చినవాళ్లకు, మాయ ముక్క లోపల ఉండిపోయినవాళ్లకు ఎక్కువ జాగ్రత్త కావాలి. రక్తహీనత, చక్కెర జబ్బు ఉన్నవాళ్ల సంగతీ అంతే.

వీటిలో ఏవి జరిగాయో డిశ్చార్జి కాగితంలో రాసి ఉంటుంది. ఇంటికి బయలుదేరేముందు నర్సును అడిగి అర్థమయ్యేలా చెప్పించుకోండి.

చేతులు కడుక్కోవడం నేర్పిన కథ

1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు కాన్పు వార్డులుండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పనిచేసేవారు. రెండోదానిలో మంత్రసానులు శిక్షణ పొందేవారు. 1846లో డాక్టర్ల వార్డులో నూటికి 11 మందికి పైగా తల్లులు చనిపోయారు. మంత్రసానుల వార్డులో నూటికి ముగ్గురు కూడా లేరు. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు కారణం వెతికాడు. విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్నారని గమనించాడు. 1847లో క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడుక్కుని తీరాలని నియమం పెట్టాడు. 1848 నాటికి డాక్టర్ల వార్డులో మరణాలు నూటికి ఒకటిన్నర కంటే తక్కువకు దిగాయి. అప్పటికి సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ సరిగా తెలియదు. తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట నమ్మలేదు. ఆయన 1865లో చనిపోయాడు. మందులు దొరికింది ఆ తర్వాత చాలా కాలానికి. 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ వచ్చాక ఈ జబ్బు కోరలు ఊడాయి.

ఈ కథలో మంత్రసానుల వార్డే మేలనిపించుకున్న సంగతి గమనించండి. మన పక్కనే, తెలుగు బాగా వినిపించే పావగడ తాలూకాలో, సూలగిత్తి నరసమ్మ 15,000కు పైగా కాన్పులు ఉచితంగా చేసి 2018లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో కన్నుమూశారు. కన్నడంలో సూలగిత్తి అంటే మంత్రసాని. అలాంటివాళ్ల నేర్పును చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు. అయితే ఎంత నేర్పరి అయినా యాంటీబయాటిక్ సెలైన్, రక్తం, ఆపరేషన్ గది ఇంట్లో ఏర్పాటు చేయలేదు. ఎవరు కాన్పు చేసినా శుభ్రమైన చేతులు, శుభ్రమైన పడక, శుభ్రమైన బ్లేడు, బొడ్డుకు శుభ్రమైన దారం తప్పవు.

పాల జ్వరమా, పురిటి జ్వరమా

మూడో రోజు నుంచి ఐదో రోజు లోపల పాలు పడేటప్పుడు రొమ్ములు రెండూ గట్టిపడి, ఒళ్లు కాస్త వెచ్చబడడం ఉన్నదే. అది స్వల్పంగా ఉంటుంది. బిడ్డకు పాలిచ్చి, మిగిలినవి పిండేస్తే ఒక రోజులో తగ్గుతుంది.

చేయి పెట్టి చూసి జ్వరాన్ని తేల్చకండి. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 38 డిగ్రీల సెల్సియస్, అంతకంటే ఎక్కువ ఉంటే అది పాల జ్వరం అని ఇంట్లో తీర్మానించుకోకూడదు. డాక్టరు చూసి చెప్పాలి. జ్వరం మాత్ర వేస్తే వేడి దిగుతుంది గానీ ఇన్‌ఫెక్షన్ దిగదు. మాత్ర వేసేముందు జ్వరం ఎంతుందో, ఎన్ని గంటలకు చూశారో రాసిపెట్టుకోండి.

ఒక రొమ్ములో ఒకచోట ఎర్రబడి, గట్టిపడి, నొప్పితో చలిజ్వరం వస్తే అది రొమ్ము వాపు. డాక్టరుకు చూపించాలి, కానీ పాలు మాన్పించకూడదు. పాలు నిలిచిపోతే చీము గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆ పాలు తాగితే బిడ్డకు హాని లేదు.

పురిటి స్రావాన్ని కూడా గమనించాలి. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో, పదో రోజు దాటాక తెల్లగా మారుతూ నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగుతుంది. దానికి పచ్చి రక్తపు వాసన సహజం. కుళ్లు వాసన సహజం కాదు.

వెంటనే బయలుదేరవలసిన గుర్తులు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారే దాకా ఆగకండి.

- 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, లేదా వణుకుతో చలి
- పొత్తికడుపులో తగ్గని నొప్పి, ముట్టుకుంటే ఓర్చుకోలేకపోవడం
- స్రావం కుళ్లు వాసన వేయడం, చీములా రావడం, తగ్గిన ఎరుపు మళ్లీ ఎక్కువ కావడం
- కుట్లు ఎర్రబడి ఉబ్బడం, చీము కారడం, విడిపోవడం
- మూత్రానికి మంట, నడుము పక్కన నొప్పి, మూత్రం బాగా తగ్గిపోవడం
- గుండె దడ, నాడి నిమిషానికి 110 దాటడం, ఊపిరి వేగంగా ఆడడం
- తల్లి మాట తడబడడం, మగతగా ఉండడం, బిడ్డను కూడా పట్టించుకోకపోవడం
- చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పట్టడం

చివరి మూడూ సెప్సిస్ గుర్తులు. వాటితో పాటు జ్వరం ఉండాలని లేదు. కొందరికి ఒళ్లు చల్లబడుతుంది కూడా. "జ్వరం లేదు కదా" అని నిబ్బరంగా కూర్చోకండి.

మన ఆచారాల్లో ఉంచుకోవలసినవి, మార్చుకోవలసినవి

బాలింతకు విశ్రాంతి ఇవ్వడం, వేరే గది ఇవ్వడం, చూడవచ్చేవాళ్లను తగ్గించడం, వేడివేడిగా వండిపెట్టడం మంచి ఆచారాలే. వాటిని వదులుకోనక్కర లేదు.

మార్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పొట్ట వస్తుందని నీళ్లు తాగనివ్వకపోవడం మానాలి. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు, మలబద్ధకానికి దారి. పత్యం పేరుతో పప్పు, ఆకుకూరలు, పండ్లు, గుడ్లు ఆపితే రక్తహీనత ముదురుతుంది, పుండు మానదు. పాత గుడ్డలు వాడేవాళ్లు సబ్బుతో ఉతికి, గది మూల నీడలో కాకుండా ఎర్రటి ఎండలో ఆరేయాలి. ప్యాడ్ అయినా గుడ్డ అయినా నాలుగైదు గంటలకోసారి మార్చాలి. మార్చే ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడగాలి. దొడ్డికి వెళ్లినప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి.

కుట్లకు పసుపు, బూడిద, నూనె, ఆకు పసరు పూయకూడదు. గర్భసంచి ద్వారంలో మందులు, గుడ్డలు ఏవీ పెట్టకూడదు. స్నానానికి పదకొండో రోజు దాకా ఆగనక్కర లేదు. ఒళ్లు, కింది భాగం రోజూ శుభ్రం చేసుకోవాలి. ఆపరేషన్ కుట్లు ఎప్పుడు తడపవచ్చో డాక్టరు చెబుతారు. కిటికీలు మూసిన గదిలో మంచం కింద కుంపటి పెట్టడం తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. పురుడు వెళ్లేదాకా బాలింత గడప దాటకూడదన్న నియమం ఆసుపత్రికి వర్తించదు. మైల అని, మంగళవారమని, అమావాస్య అని ప్రయాణం ఆపవద్దు.

ఎక్కడికి వెళ్లాలి, ఏం చెప్పాలి

సరిహద్దుకు ఇటైనా అటైనా 108 ఉచిత అంబులెన్సే. ముందు ముళబాగిలు తాలూకా ఆసుపత్రి. పరిస్థితి తీవ్రంగా ఉంటే సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కోలారులోని ఎస్‌ఎన్‌ఆర్ జిల్లా ఆసుపత్రి, టమకలోని ఆర్‌ఎల్ జాలప్ప వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. కుప్పం దగ్గరయ్యే ఊళ్లవాళ్లకు అక్కడి పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పుకూ, కాన్పు తర్వాతి చిక్కులకూ మందులు, పరీక్షలు, రక్తం ఉచితం.

తాయి కార్డు లేదా ఆంధ్రలో ఇచ్చిన కార్డు, డిశ్చార్జి కాగితం, వేసిన మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. చేరగానే మొదట చెప్పవలసింది కాన్పయి ఎన్ని రోజులైందన్నది. అది చెప్పకపోతే మామూలు జ్వరాల వరుసలో కూర్చోబెట్టే అవకాశం ఉంది. ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చిన కోడలికి కన్నడం రాకపోతే ఈ ఒక్క ముక్క నేర్పండి: "హెరిగె ఆగి ఆరు దిన ఆయితు, జ్వర ఇదె." అంటే కాన్పయి ఆరు రోజులైంది, జ్వరం ఉంది అని.

ఇంకో సంగతి. ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. అత్తింటి ఊళ్లో నమోదైన అమ్మాయి పుట్టింటికి వస్తే ఇక్కడి ఆశా జాబితాలో పేరు ఉండకపోవచ్చు. కూతురు వచ్చిన వారంలోనే మన వీధి ఆశాకు చెప్పి పేరు రాయించండి.

చికిత్స, కొత్త కబురు

వేళకు వెళితే ఇది నయమయ్యే జబ్బే. ఆసుపత్రిలో చేర్చుకుని నరం ద్వారా యాంటీబయాటిక్‌లు ఇస్తారు. మాయ ముక్కలు ఉంటే తీసేస్తారు, చీము ఉంటే శుభ్రం చేస్తారు. చాలామందికి రెండు మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న రెండు మాత్రలతో ఇది తగ్గదు. పైగా గుర్తులు మరుగుపడి, ఆలస్యమవుతుంది.

2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మన కర్ణాటకలోని బెళగావి కూడా పాలుపంచుకుంది. ఏడు దేశాల్లో సుమారు 29,000 మంది గర్భిణులపై జరిగింది. మామూలు కాన్పు నొప్పుల్లో ఉన్నప్పుడు ఒక్కసారి అజిత్రోమైసిన్ ఇస్తే తల్లికి సెప్సిస్ లేదా మరణం నూటికి 2.4 నుంచి 1.6కు తగ్గింది. ఇది ఆసుపత్రిలో డాక్టరు నిర్ణయించవలసిన మందు, ఇంట్లో వేసుకునేది కాదు.

2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు కర్ణాటకలో 69 మంది తల్లులు చనిపోయారు. ఆంధ్రలో 45, తెలంగాణలో 43, తమిళనాడులో 54, కేరళలో 19. దక్షిణాదిలో మన రాష్ట్రమే వెనకబడి ఉంది. దాన్ని సరిచేయడంలో ప్రభుత్వం పని ప్రభుత్వానికి ఉంది. మన ఇంటి పని మనకుంది: ఒక థర్మామీటరు, ఒక సబ్బు, కాగితాల సంచి, ఫోనులో 108. బారసాల పిలుపుల కంటే ముందు ఈ నాలుగూ సిద్ధం చేసుకోండి. బిడ్డను చూడవచ్చిన ప్రతివాళ్లూ తల్లిని కూడా ఒక మాట అడగండి: "ఒంట్లో ఎలా ఉందమ్మా, జ్వరం గాని ఉందా?"