కబాంగ్

అండమాన్ సముద్రంలో తిరిగే మోకెన్ జాతివారి ఇంటిపడవ. మయన్మార్ దక్షిణ తీరంలో సుమారు 800 దీవులున్న మెర్గుయ్ ద్వీపసమూహం, థాయ్‌లాండ్‌లోని సురిన్ దీవులు వీరి తావులు.

పెద్ద చెట్టు మానును తొలిచి అడుగుభాగం చేస్తారు. పైన మొగలి జాతి ఆకుల కప్పు, దాని కింద పొయ్యి, పడక, పిల్లాపాపలు. అణియంలోనూ అమరంలోనూ చెక్కిన గాడి నీళ్లలోంచి పైకెక్కడానికి మెట్టు. పడవ వీరికి ఒక శరీరం, భాగాలకు మెడ, పొట్ట వంటి పేర్లున్నాయి. వానాకాలం మాత్రం ఒడ్డున గుడిసెల్లో గడిపేవారు.

చేపలు, గవ్వలు, సముద్ర దోసకాయలు ఏరి బియ్యానికి మార్చుకునేవారు. పగడపు దిబ్బల మధ్య మునిగే వీరి పిల్లలకు నీటిలోనూ చూపు స్పష్టం. ఐరోపా పిల్లలకన్నా రెండింతలకు పైగా స్పష్టంగా చూడగలరని స్వీడన్ పరిశోధకురాలు అన్నా గిస్లెన్ బృందం 2003లో తేల్చింది. మసక నీటిలో కంటిపాప విచ్చుకోవాలి, వీరికి చిన్నదవుతుంది. ఎంత అద్భుతం!

2004 డిసెంబరు 26న సముద్రం హఠాత్తుగా వెనక్కి తగ్గింది. ‘లాబూన్’ అనే రాకాసి అల గురించి పెద్దలు చెప్పిన కథలు గుర్తొచ్చి సురిన్ మోకెన్లు మెట్ట ఎక్కారు. సునామీ వారి ఊరిని తుడిచిపెట్టినా ప్రాణాలు దక్కాయి.

సురిన్ 1981లో జాతీయ ఉద్యానమైంది. చెట్లు నరకడం నిషేధం కావడంతో కొత్త కబాంగ్‌లు అరుదయ్యాయి. అడవిని కాపాడాల్సిందే. కానీ ఆ అడవితోనే బతికినవారికి ఒక మాను దక్కకపోవడం బాధాకరం.