వ్యాఖ్యకు మూలం మారినప్పుడు: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చరిత్రలో ఒక ఉదాహరణ

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని ప్రతీతి గల మల్లినాథసూరి, మూలంలో లేనిది వ్రాయనని ప్రతిజ్ఞ చేసి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రచించాడు. ఆయన ముందున్న మూలం మారేది కాదు. సోర్స్ కోడ్‌కు వ్యాఖ్య వ్రాసేవారికి ఆ వెసులుబాటు లేదు. కోడ్ మారితే, ఒక్క అక్షరం చెక్కుచెదరకుండానే వ్యాఖ్య అబద్ధమవుతుంది. కంప్యూటర్ వ్యాఖ్యను పట్టించుకోదు కనుక ప్రోగ్రాం నడిచినంత మాత్రాన ఆ దోషం బయటపడదు.

1986లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వాన మొదలైన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అయింది. తొలినాళ్లలో అందులో కొంత భాగం లిస్ప్ భాషలో ఉండేది. సి భాషలోకి తిరగరాసినప్పుడు లిస్ప్ జాబితా పద్ధతినే అనుకరించారు. అంటే ప్రతి అంశమూ తరువాతి దాని చిరునామాను మోసే గొలుసు. 2020 నాటి 13వ వెర్షన్‌లో గొలుసు పోయి, అవసరాన్ని బట్టి పెరిగే అరే వచ్చింది. ‘లిస్ట్’ అన్న పేరు మాత్రం కోడంతటా నిలిచిపోయింది.

పేరును నమ్మి గొలుసనుకుంటే ప్రమాదమే. అరేలో కొత్త అంశం చేరినప్పుడు మొత్తం వరుస మెమరీలో మరోచోటికి తరలవచ్చు. ముందుగా దాచుకున్న అంశపు చిరునామా చెల్లదు. లిస్ట్‌ను నిర్వచించే హెడర్ ఫైలు తొలి వ్యాఖ్య ఇప్పుడు ఈ వంశక్రమాన్నంతా చెబుతుంది: లిస్ప్ పుట్టుక, సి అనుకరణ, దానివల్ల తగ్గిన వేగం, తరువాతి తిరగరాతలు, పేరొక్కటే మిగలడం.