పురికొస ఉండ చూడడానికి ఎనభై మైళ్ళు

అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో కాపురాలు పెట్టిన మనవాళ్ళకు అక్కడి దారుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. గంటల తరబడి మొక్కజొన్న చేలు, వాటి మధ్య కొలబద్ద పెట్టి గీసినట్లున్న రోడ్డు. 1970లలో పెళ్ళికైనా, ఉగాదికైనా నాలుగైదు వందల మైళ్ళు కారులో పోవలసి వచ్చేది. పులిహోర పొట్లాలు అయిపోయి, వెనక సీట్లో పిల్లలు పేచీ మొదలుపెట్టే వేళకు దారి పక్కన ఏదో ఒక వింత బోర్డు కనపడేది. అవసరమైతే ఎనభై మైళ్ళు చుట్టు తిరిగి అయినా పోయి చూసేవాళ్ళం. నవ్వుకున్నాం గాని, వాటి పూర్వోత్తరాలు విచారించిన వాళ్ళం తక్కువే.

దక్షిణ డకోటాలో వాల్ అనే ఊళ్ళో 1931లో టెడ్ హస్టెడ్, డొరొతీ దంపతులు మందుల షాపు కొన్నారు. మాంద్యం రోజులు. అయిదేళ్ళు ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. 1936 వేసవిలో ఆ ఇల్లాలికి ఒక ఆలోచన తట్టింది: మండుటెండలో పోయేవాళ్ళకు ముందు కావలసింది మందులు కాదు, చల్లని మంచినీళ్ళు. ఐసు నీళ్ళు ఉచితమని రోడ్డు వెంట బోర్డులు పాతించారు. ఇక జనమే జనం. మన చలివేంద్రానికి ఇది వేలు విడిచిన చుట్టం అనవచ్చు. మనవాళ్ళు పుణ్యానికి పెట్టారు, వీళ్ళు బేరానికి పెట్టారు. దాహం తీరినవాడికి ఆ తేడాతో పనేమిటి?

అదే రాష్ట్రంలో మిచెల్ అనే ఊరికి మొక్కజొన్న మేడ ఉంది. 1892లో మొదటిది కట్టారు. ఇప్పటి భవనం 1921 నాటిది. రంగురంగుల పొత్తులను నిలువునా చీల్చి, గోడలకు మేకులు కొట్టి బొమ్మలు తీరుస్తారు. 1948 నుంచి 1971 వరకు ఆ బొమ్మలకు నమూనాలు గీసినవాడు ఆస్కార్ హౌ అనే డకోటా జాతి చిత్రకారుడు. పంటను చూసి పొంగిపోయే బుద్ధి మనకూ ఉన్నదే కనుక ఇది మనకు వింతగా తోచదు.

అయితే 1956 చట్టంతో వచ్చిన పెద్ద రహదారులు చాలా చిన్న ఊళ్ళను పక్కకు తోసేశాయి. కారు ఆగకపోతే హోటలు లేదు, పెట్రోలు బంకు లేదు, చివరకు బడి కూడా మిగలదు. ఇల్లినాయిలోని కాలిన్స్‌విల్‌లో టొమాటో కెచప్ సీసా ఆకారంలో 170 అడుగుల నీళ్ళ ట్యాంకు ఉంది. 1949లో కట్టారు. అది పాడుపడితే ఊరివాళ్ళు చందాలు పోగుచేసి 1995లో బాగు చేయించుకున్నారు. పరువు నిలుపుకొనే పట్టుదల అది. పిచ్చి అని కొట్టిపారేయడానికి నాకు నోరు రాదు.

అన్నిటిలోకీ నాకు నచ్చినవి పురికొస ఉండలు. ఎండుగడ్డి మోపులను యంత్రాలు కిత్తనార పురికొసతో బిగించి కట్టేవి. మేత వేసేటప్పుడు కోసిన ముక్కలు మిగిలిపోయేవి. పారేస్తే పశువు మింగుతుందని భయం, దాస్తే దేనికైనా పనికొస్తుందని ఆశ. కిరాణా పొట్లాల దారం విప్పి, చుట్టచుట్టి గూట్లో దాచిన మన బామ్మలకు ఆ రైతు మనసు ఇట్టే తెలుస్తుంది. కాకపోతే బామ్మ ఉండ నిమ్మకాయంత దగ్గర ఆగేది. కాన్సస్‌లోని కాకర్ సిటీలో ఫ్రాంక్ స్టోబర్ 1953లో మొదలుపెట్టినది, 1974లో ఆయన పోయేనాటికి 11 అడుగుల అడ్డకొలతకు వచ్చింది. దాన్ని ఆయన 1961లోనే ఊరికి ఇచ్చేశాడు.

మిన్నెసోటాలోని డార్విన్ గ్రామంలో మరొకాయన, ఫ్రాన్సిస్ జాన్సన్. అమెరికా సెనేటర్‌గా పనిచేసిన మాగ్నస్ జాన్సన్ కొడుకు. 1950లో మొదలుపెట్టి 29 ఏళ్ళు ఒంటి చేత్తో చుట్టాడు. బరువు పెరిగాక రైల్వే జాకీలతో పైకెత్తి తిప్పుకుంటూ చుట్టేవాడట. అడ్డం 12 అడుగులు, బరువు 17,400 పౌన్లు!

ఏది పెద్దదన్న తగవు ఈ రెండు ఊళ్ళ మధ్య చాలాకాలం నడిచింది. 1989లో జాన్సన్ పోయాక డార్విన్ ఉండను అద్దాల మంటపంలో పెట్టారు. దానికి ఇక ఒక్క మూర కూడా చేర్చరు. కాకర్ సిటీలో మాత్రం ఏటా ఆగస్టులో జనం చేరి చుడుతూనే ఉన్నారు. పరదేశి వచ్చినా చేతికి ఒక ముక్క ఇచ్చి, నువ్వూ చుట్టమంటారు. తూకంలో గెలుపు కాకర్ సిటీదే. ఒక్క మనిషి ఓపికకు ఓటు వేయమంటే మాత్రం నా ఓటు డార్విన్‌కే.