యుద్ధమేఘాల కింద నల్గొండ, పాలమూరు ఓటు

1952లో తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చేనాటికి దేశంలో చాలా జిల్లాలకు యుద్ధమంటే పేపర్లో చదివే వార్త. నల్గొండకు అది ఇంటిముందు జరిగిన సంగతి. 1946 జులై 4న, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అప్పటి నుంచి 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించేదాకా ఐదేళ్లపాటు ఊళ్లు రజాకార్లను చూశాయి, దళాలను చూశాయి, 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైన్యం క్యాంపులనూ చూశాయి. పాలమూరుకూ, అంటే మహబూబ్‌నగర్ జిల్లాకూ, ఆ మంట తగిలింది. 1947లో అప్పంపల్లిలో నిజాం పోలీసుల కాల్పుల్లో జనం ప్రాణాలు పోయాయి.

పోరాటం ఆగిన కొద్ది నెలలకే ఓట్ల పండుగ వచ్చింది. ఇప్పటిలా ఒకే బ్యాలెట్ మీద అందరి పేర్లూ ఉండేవి కావు. పోలింగ్ కేంద్రంలో అభ్యర్థికో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించేవారు. అక్షరం రాని రైతు కూడా తనకు కావలసిన గుర్తు చూసుకుని ఆ పెట్టెలో చీటీ వేసి వచ్చేవాడు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద ఇంకా నిషేధం ఉంది కనుక ఆ పార్టీవాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు పడ్డాయి. ప్రధాని నెహ్రూకు వచ్చినవాటికంటే అవే ఎక్కువ. ఇద్దరివీ ద్విసభ్య నియోజకవర్గాలే కాబట్టి ఈ పోలికలో పేచీ లేదు. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి శాసనసభకు వెళ్లారు. అదే ఎన్నికలో పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లో కాంగ్రెస్ తరఫున గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. పక్కపక్క జిల్లాలు చెరో తీర్పు ఇచ్చాయి.

ఉదారవాదిగా నాకు ఆ ఎన్నికలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఒకటుంది. ఎవరిని అణచడానికి సైన్యాన్ని పంపారో, ఆ మనుషులకే అదే ప్రభుత్వం ఎన్నిక పెట్టింది, ఓడింది, ఓటమిని ఒప్పుకుంది. తుపాకీ దించినవాళ్లు చట్టసభకు వెళ్లారు. ఈ దేశ ప్రజాస్వామ్యం గురించి ఎవరైనా నిరాశగా మాట్లాడితే నేను మొదట చెప్పేది నల్గొండ 1952 ముచ్చటే.

పదేళ్ల తర్వాత చైనా యుద్ధం వచ్చేసరికి రావి నారాయణరెడ్డి మళ్లీ నల్గొండ ఎంపీగా ఉన్నారు. యుద్ధం సాగుతుండగానే పార్లమెంటును పిలవాలని రాజ్యసభలో జనసంఘ్ సభ్యుడిగా ఉన్న వాజపేయి పట్టుబట్టారు. నెహ్రూ కాదనలేదు. 1962 నవంబరు 8న సభ కూడింది. సరిహద్దులో సైన్యం వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ప్రధాని సభలో నిలబడి విమర్శలన్నీ విన్నారు. కమ్యూనిస్టు పార్టీలో అప్పటికే ఉన్న విభేదాలను ఆ యుద్ధం ఇంకా ముదిరేలా చేసింది. 1964లో పార్టీ చీలింది. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 51 స్థానాలున్న పార్టీ 1967లో రెండు ముక్కలుగా పోటీచేస్తే దక్కినవి 11, 9. నల్గొండ ఎంపీ సీటు కాంగ్రెస్ అభ్యర్థి యూనస్ సలీంకు పోయింది.

మధ్యంతర ఎన్నిక అనే మాట ఇక్కడి జనం నోట నానింది 1971లో. ఇందిరా గాంధీ గడువుకు ఏడాది ముందే లోక్‌సభను రద్దు చేశారు. దేశమంతా గరీబీ హటావో నినాదానికి ఊగిపోయింది, ఆమె పార్టీకి 352 స్థానాలు వచ్చాయి. తెలంగాణలో మాత్రం 1969 ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ గాయం ఇంకా పచ్చిగానే ఉంది. తెలంగాణ ప్రజా సమితికి 10 స్థానాలిచ్చి ఇక్కడి ఓటరు తన సమస్యను తన బ్యాలెట్ మీదనే పెట్టాడు. నల్గొండలో ఆ పార్టీ అభ్యర్థి కంచర్ల రామకృష్ణారెడ్డి గెలిచారు. మిర్యాలగూడ సీపీఎం నేత భీమిరెడ్డి నర్సింహారెడ్డిని పంపింది.

అదే ఏడాది కథ మలుపు తిరిగింది. సెప్టెంబరులో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది, పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం పదమూడు రోజుల్లో ముగిసింది. 1972 మార్చిలో శాసనసభ ఎన్నికలు జరిగితే 287లో 219 స్థానాలు కాంగ్రెస్‌వే. యుద్ధ విజయం గాలి ఇంత బలంగా వీచాక ప్రత్యేక తెలంగాణ ప్రశ్న సద్దుమణిగిందని చాలామంది అనుకున్నారు. ఏమైంది? అదే ఏడాది, ఉద్యోగాల్లో స్థానికులకు ప్రాధాన్యమిచ్చే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు రాగానే కోస్తా, రాయలసీమ భగ్గుమన్నాయి. 1973 జనవరి నాటికి 219 మంది బలమున్న ప్రభుత్వం పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. ఢాకాలో గెలిచినందుకు వేసిన ఓటు ఉద్యోగాల, నీళ్ల పంచాయితీని తీర్చలేదు, తీర్చదు కూడా.

ఈ రెండు జిల్లాల్లో నీళ్లే ఎప్పుడూ అసలు ఎజెండా. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికి జలసాధన సమితి పిలుపుతో నల్గొండలో నామినేషన్లు వెల్లువెత్తాయి. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచడం ప్రభుత్వానికి త్వరగానే చేతనైంది. నడుం వంగిపోయిన, కాళ్లు వంకరపోయిన మనుషులకు కృష్ణా నీళ్లు అంత త్వరగా రాలేదు.

1999 దగ్గర కాస్త ఆగాలి. ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, లోక్‌సభ రద్దయింది. మే నుంచి జులై దాకా కార్గిల్ యుద్ధం నడిపింది ఆపద్ధర్మ ప్రభుత్వం. అంటే కార్గిల్ శిఖరాల మీద సైనికులు ప్రాణాలిస్తున్నప్పుడు పాలమూరుకు గానీ నల్గొండకు గానీ లోక్‌సభలో అడిగే మనిషే లేడు. రాజ్యసభనైనా పిలవండని ప్రతిపక్షం కోరితే సర్కారు ఒప్పుకోలేదు. 1962లో సభను పిలవమని నిలదీసిన వాజపేయే ఇప్పుడు ప్రధాని. ఆయన మీద గౌరవం ఉన్న నాకు ఆ నిర్ణయం ఈనాటికీ మింగుడు పడదు.

సెప్టెంబరులో పోలింగ్ జరిగింది. మహబూబ్‌నగర్‌లో బీజేపీ అభ్యర్థి ఏపీ జితేందర్‌రెడ్డి గెలిచారు. అదంతా కార్గిల్ గాలే అనలేం. తెలుగుదేశం పొత్తు బలం అందులో పెద్దదే. అంతకుముందు పాలమూరు ఎంపీగా ఉన్న ఎస్. జైపాల్‌రెడ్డి కాంగ్రెస్‌లోకి తిరిగి వచ్చి, మిర్యాలగూడలో నిలబడి గెలిచారు. ఎమర్జెన్సీని ఒప్పుకోక కాంగ్రెస్‌నే వదిలి వెళ్లిన మనిషి ఆయన. అదే గాలి, అదే నెల, పక్కపక్క జిల్లాలు, రెండు తీర్పులు. ఇక పాలమూరు గుంపు మేస్త్రీలు కూలీలను పుణె, ముంబై పనులకు తీసుకుపోవడం ఆ ఎన్నికకు ముందూ ఆగలేదు, తర్వాతా ఆగలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బీజేపీకి ఒక్క లోక్‌సభ సీటూ రాలేదు.

2019లో బాలాకోట్ దాడి జరిగిన ఆరు వారాలకు తెలంగాణలో పోలింగ్. సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం ముందే చెప్పాల్సి వచ్చింది. నల్గొండలో గెలిచిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ఒకప్పటి వాయుసేన పైలట్, కానీ ఆయన పోటీచేసింది కాంగ్రెస్ తరఫున. మహబూబ్‌నగర్ టీఆర్ఎస్‌కు దక్కింది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు అమరుడయ్యారు. ఆయన అంతిమయాత్రకు దారి పొడుగునా జనం నిలబడ్డారు. పది నెలలకు పక్కనే నాగార్జునసాగర్ ఉప ఎన్నిక వచ్చినప్పుడు వాదమంతా లిఫ్టుల మీద, ఎడమ కాలువ నీళ్ల మీద నడిచింది. బీజేపీ అభ్యర్థికి డిపాజిట్ దక్కలేదు. సంతోష్‌బాబు మీద జనానికి ప్రేమ తక్కువై కాదు. ఆ ప్రేమను ఏ పార్టీ ఖాతాలోనూ వేయలేదు, అంతే.

సంతోష్‌బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. రేపు యుద్ధం పేరు చెప్పి ఎవరు ఓటడగడానికి వచ్చినా, ఏ పార్టీవారైనా సరే, ఆ విగ్రహానికి దండ వేయనివ్వండి. తర్వాత కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడగండి: యుద్ధం జరిగినప్పుడు పార్లమెంటును పిలిచారా? మా ఊరి నీళ్లు ఎంతదాకా వచ్చాయి?