ఇప్పాకు, బాప్తిస్మం, తల్లి ఒడి: మన గూడేల చరిత్రలో రాయకుండా వదిలేసిన పేజీ

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

మన గ్రూపులో నెలకోసారైనా ఒక గొడవ లేస్తది. "చర్చికి పోయేటోళ్లు ఆదివాసీలు ఎట్లయితరు?" అని ఒకరు, "మా దేవుణ్ణి మేం మొక్కితే మీకేంటి?" అని ఇంకొకరు. ఆ వాదనలో వచ్చే పేర్లన్నీ మగవాళ్లవే: పాస్టర్లు, దొరలు, నాయకులు, వడ్డెలు. కానీ గూడెంలో ఒక విశ్వాసం ఇంకో తరానికి చేరిందంటే, ఉయ్యాల ఊపుతూ దాన్ని చేర్చింది అమ్మే కదా. ఆమె సంగతి ఎవరూ ఎత్తరు. అందుకే పెనుబల్లి నుంచి భద్రాచలం దాకా ఉన్న మన అడవి అంచు గూడేల్లో కోయ తల్లి క్రైస్తవ తల్లి ఎట్లయింది, పిల్లల్ని ఎట్ల పెంచింది, అందులో మనకు మిగిలిందేంది, పోయిందేంది అన్నది ఇవాళ రాస్తున్నా.

ముందు చర్చి రాకముందు సంగతి చూద్దాం.

దుమ్ముగూడెంలో ఏళ్ల తరబడి ఉన్న జాన్ కెయిన్ అనే పాదిరి 1870ల చివర్లో 'ఇండియన్ ఆంటిక్వరీ' అనే పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల మీద వ్యాసాలు రాశాడు. కోయల గురించి ఆయన రాసినవాటిని ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చయిన తన కులాలు, తెగల సంపుటాల్లో వాడుకున్నాడు. అందులో పేరు పెట్టే పద్ధతి ఒకటి ఉంది. బిడ్డ పుట్టిన ఏడో రోజు శుభ్రంగా స్నానం చేయిస్తారు. చుట్టాలు, ఇరుగు పొరుగు అంతా కూడతారు. బిడ్డను మంచం మీద పడుకోబెట్టి, చేతిలో ఇప్పాకు పెట్టి, ఒక పేరు పలుకుతారు. బిడ్డ ఆకును పిడికిట్లో పట్టుకుంటే ఆ పేరు ఒప్పుకున్నట్టు. ఆకు వదిలేసినా, ఏడ్చినా ఆ పేరు నచ్చలేదని ఇంకో పేరు పలుకుతారు.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. ఏడు రోజుల పసిగుడ్డును కూడా అడిగి పేరు పెట్టిన జాతి మనది. పిల్లలంటే పెద్దల సొత్తు కాదు, వాళ్లకూ ఒక మాట ఉంటదనే ఆలోచన అందులో ఉంది. ఆ పేరు పెట్టేది ఒక్క తల్లో తండ్రో కాదు, గూడెమంతా. మన మేడారంలో మొక్కులందుకునేది కూడా తల్లీ కూతుళ్లే కదా, సమ్మక్క, సారలమ్మ. తల్లిని మొక్కే జాతి దగ్గరికి, పిల్లల పెంపకాన్ని పవిత్రమైన పనిగా చూసే జాతి దగ్గరికి క్రైస్తవం వచ్చింది. ఖాళీ పలక మీదికి రాలేదు.

ఇక అది వచ్చిన దారి.

1860లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతం నిజాం చేతి నుంచి ఇంగ్లీషోళ్ల చేతికి పోయింది. గోదారిలో పడవలు ఎగువకు పోవడానికి ఆనకట్టలు, కాలవలు కట్టాలని ఆర్థర్ కాటన్ ఆలోచన. ఆ పని మీద దుమ్ముగూడెంలో ఉన్న ఇంజినీరు కెప్టెన్ హేగ్ దైవభక్తి ఉన్నవాడు. కోయలకు సువార్త చెప్పడానికి మనుషులు కావాలని చర్చి మిషనరీ సొసైటీని అడిగాడు. 1860 ప్రాంతంలో అట్ల దుమ్ముగూడెం మిషన్ మొదలైంది. సర్కారు కమిసరేట్‌లో ఉద్యోగం చేస్తూ క్రైస్తవుడైన వెంకట రామరాజు ఆ పనికే జీవితం ఇచ్చి, తర్వాత గురువయ్యాడు. ఆయన తర్వాత 1870లలో కెయిన్ వచ్చాడు. గోదారి పడవల పథకాన్ని 1871లో సర్కారే మానేసింది. కాలవ పని ఆగింది గాని చర్చి, బడి నిలబడ్డయి. 1874లో భద్రాచలం తాలూకా మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిసింది.

పెనుబల్లి, సత్తుపల్లి మాత్రం నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. అంటే ఒకే అడవి, ఒకే గట్టు చుట్టాలు, మధ్యలో రెండు ప్రభుత్వాల గీత. అటు మద్రాసు దొరలు, ఇటు నిజాం పట్వారీలు. ఆ గీతను ఏ ఆఫీసరూ చెరపక ముందే దాటిన వాళ్లు మన ఆడపడుచులు. పెళ్లయి ఈ గూడెం నుంచి ఆ గూడేనికి పోయిన పిల్ల తన వెంట చీర, సారె తీసుకుపోయినట్టే పాటను, మొక్కును, ప్రార్థనను కూడా తీసుకుపోద్ది. మిషన్ లెక్కల్లో బాప్తిస్మం తీసుకున్న కుటుంబం కింద ఇంటి పెద్ద పేరే ముందు రాస్తారు. కోడలిగా వచ్చి ఇంట్లో ప్రార్థన మొదలుపెట్టిన ఆడమనిషికి ఆ లెక్కలో వేరే గడి లేదు.

చర్చి తల్లికి ఏమిచ్చింది?

మొదటిది, పేరు పెట్టే వేడుక మారింది. చర్చి మిషనరీ సొసైటీ వాళ్లది ఆంగ్లికన్ పద్ధతి. పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. ఏడో రోజు మంచం చుట్టూ చేరిన గూడెం స్థానంలో చర్చిలో చేరిన సంఘం వచ్చింది. ఇప్పాకు స్థానంలో నీళ్లు వచ్చినయి. బిడ్డ తరఫున మాట ఇవ్వడానికి జ్ఞాన తల్లి, జ్ఞాన తండ్రి నిలబడతారు. బిడ్డను పెంచేది ఒక్క కన్నతల్లే కాదు, సంఘమంతా అన్న భావన ఇందులోనూ ఉంది. కోయ తల్లికి అది కొత్త మాటేం కాదు. కాకపోతే ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడ బిడ్డ పిడికిలి వైపు ఎవరూ చూడరు. పేరు ముందే నిర్ణయమై ఉంటది.

రెండోది చదువు. వాక్యం చదవాలంటే అక్షరం రావాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరికే లూకా సువార్త కోయ భాషలో తెలుగు లిపితో అచ్చయింది. మన భాషలో అచ్చయిన తొలి పుస్తకాల్లో అదొకటి. లూకా సువార్త ఎట్ల మొదలైతదో తెలుసు కదా. ముసలితనంలో గర్భం దాల్చిన ఎలీసబెతు, పెళ్లి కాకముందే తల్లి కాబోతున్న మరియ, పశువుల తొట్టిలో బిడ్డ. పురుటి నొప్పుల కథ, పేరు పెట్టే కథ. ఎలీసబెతు కొడుక్కి చుట్టాలొక పేరు పెట్టబోతే తల్లి కాదని అడ్డం తిరిగి యోహాను అంటది. ఏడో రోజు పేరు గురించి అంత పట్టింపు ఉన్న కోయ ఆడవాళ్లకు ఆ కథ పరాయిది అనిపించి ఉండదు.

మూడోది, ఆడవాళ్లు ఆడవాళ్లుగా కూడే చోటు. దీనికి కొంచెం బయటి కథ చెప్పాలి. 1876లో ఇంగ్లండులో మేరీ సమ్నర్ అనే ఆవిడ 'మదర్స్ యూనియన్' పెట్టింది. పిల్లల్ని పెంచడం కూడా దేవుడు అప్పగించిన పనే, దానికి తల్లులు కలిసి ప్రార్థన చేసుకోవాలి, ఒకరికొకరు సాయపడాలి అన్నది దాని ఆలోచన. ఆంగ్లికన్ చర్చి పోయిన ప్రతి చోటికీ అది పోయింది. మన వైపు డోర్నకల్ ద్వారా వచ్చింది.

డోర్నకల్ అంటే గుర్తొచ్చేది వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన బతుకే ఒక తల్లి మొక్కుతో మొదలైంది. తిరునల్వేలి జిల్లాలో చాలా ఏళ్లు కొడుకు కోసం ప్రార్థించిన తల్లికి పుట్టాడని, బైబిల్లో హన్నా కొడుకు సమూయేలు పేరే ఆయనకు పెట్టారు. తండ్రి పోయాక పెంచింది తల్లే. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ దక్షిణాదిలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఒకరు. తమిళావిడ అయినా డోర్నకల్ వచ్చి తెలుగు పల్లెల్లో తల్లుల సమాజం పనిలో ముందు నిలబడింది. దుమ్ముగూడెం సంఘాలు కూడా తర్వాత డోర్నకల్ డయాసిస్ కిందకు వచ్చినయి. అజరయ్య బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషితో, మగైనా ఆడైనా, తల మీద చెయ్యి పెట్టించి సువార్త చెప్పే బాధ్యత నాది అని ఒట్టు వేయించేవాడు. అక్షరం రాని తల్లి కూడా ఆ ఒట్టుతో బోధకురాలైంది. ఆమె బడి ఇల్లే, ఆమె విద్యార్థులు సొంత పిల్లలే.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ. ఏర్పడ్డాక ఆ తల్లుల పని స్త్రీల మైత్రిగా నడుస్తున్నది. ఊళ్లో మగవాళ్ల పంచాయితీలో మాట్లాడే అవకాశం లేని ఆడమనిషి, స్త్రీల కూడికలో నిలబడి ప్రార్థన చేస్తది, సాక్ష్యం చెప్తది. తాగొచ్చే మొగుడి సంగతి, జ్వరం పడ్డ పిల్లగాడి సంగతి నలుగురి ముందు పెడతది. మీకు నమ్మకం ఉన్నా లేకున్నా ఇది చిన్న మార్పు కాదు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చాలా ఇళ్లల్లో తల్లి చర్చికి పోద్ది, తండ్రి వేల్పుల దగ్గరికి పోతాడు. పిల్లలు ఎవరి దారి? ఇది మన గూడెంలోనే కొత్తగా పుట్టిన చిక్కనుకోకండి. బైబిల్లోనే తిమోతి అనే యువకుడున్నాడు. తల్లి యూదురాలు, తండ్రి గ్రీకు దేశస్థుడు. అతని విశ్వాసం ముందు అమ్మమ్మ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. తండ్రి పేరు కూడా అందులో లేదు. మొదటి శతాబ్దంలోనే విశ్వాసం అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి బిడ్డకు, రెండు సంస్కృతులు కలిసిన ఇంట్లో నడిచింది. మన దగ్గరా అంతే నడిచింది.

అయితే పోయింది కూడా చెప్పాలి, లేకపోతే ఇది చరిత్ర కాదు, పొగడ్త అయితది.

పోయినవాటిలో మొదటిది భాష. సువార్త కోయలో అచ్చయినా, ఆరాధన మాత్రం ఎక్కువగా తెలుగులోనే స్థిరపడింది. పాటలు తెలుగు, ప్రసంగం తెలుగు, సండే స్కూల్ తెలుగు. తల్లి జోలపాట కూడా తెలుగు కీర్తన అయింది. నిందంతా చర్చి మీద వేయడం న్యాయం కాదు. బడి, హాస్టల్, సంత, బస్సు అన్నీ తెలుగే. పెనుబల్లి, సత్తుపల్లి వైపు చర్చి మొహం చూడని ఇళ్లల్లో కూడా కోయ మాట పలచబడింది. కానీ తల్లి నోట్లో భాష ఆగిపోతే బిడ్డకు ఇంకెక్కడా దొరకదు.

రెండోది పేరు. ఏసుదాసు, మరియమ్మ, సమూయేలు మంచి పేర్లే. కానీ తాత పేరు, అవ్వ పేరు మనవలకు పెట్టుకునే గొలుసు కొన్ని ఇళ్లల్లో తెగింది. మూడోది ఇంకా నొప్పి కలిగించేది. ఈ మధ్య వచ్చిన కొన్ని చిన్న సంఘాల్లో పసిబిడ్డకు బాప్తిస్మం ఉండదు, ప్రతిష్ఠ చేస్తారు. పెద్దయ్యాక ముంచే బాప్తిస్మం. అది వాళ్ల సిద్ధాంతం, తప్పు పట్టక్కర్లేదు. కానీ అక్కడక్కడా తల్లులకు ఒక భయం నేర్పారు: పండగ కూడు తినొద్దు, డోలు మోగే చోట పిల్లల్ని నిలబెట్టొద్దు, మేనమామ ఇంట్లో కొలుపు ఉంటే పోవద్దు అని. అట్ల పెరిగిన పిల్లగాడికి సొంత అమ్మమ్మ ఇల్లే పరాయిదైతది.

ఇట్ల కాకుండా నడిపిన తల్లులు కూడా మన మధ్యే ఉన్నారు. కొత్తల పండగ సంగతే తీసుకోండి. చిక్కుడైనా, మామిడైనా కొత్త పంట పెద్దలకు, వేల్పులకు పెట్టకుండా నోట్లో వేసుకోకూడదని మన ఆచారం. సి.ఎస్.ఐ. సంఘాల్లో పంట పండగ రోజు మొదటి గింజలు, కూరగాయలు, కోళ్లు చర్చికి తెస్తారు. బైబిల్లోనూ ప్రథమ ఫలాల మాట ఉంది. "ముందు ఇచ్చినవాడికి, తర్వాత మనకు" అని తల్లి పిల్లల చెయ్యి ఆపే పద్ధతి రెండింట్లో ఒకటే. సంబంధాలు చూసేటప్పుడు క్రైస్తవ కోయ ఇళ్లల్లో కూడా ముందు అడిగేది గట్టే. మూడో గట్టా, ఐదో గట్టా అని. ఏ పాస్టరూ అది మాన్పించలేకపోయాడు, ఎందుకంటే దాన్ని కాపాడేది ఇంట్లో ఆడవాళ్లు.

విద్యార్థులకు ఇది వట్టి ముచ్చట కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో షెడ్యూల్డ్ కులాలకు మతం షరతు ఉంది, షెడ్యూల్డ్ తెగలకు లేదు. క్రైస్తవుడైన కోయ కూడా ఎస్.టి.నే. 2004లో కేరళ నుంచి వచ్చిన చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు, మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదని చెప్తూనే, ఆ మనిషి తెగ ఆచారాలు, కట్టుబాట్లలో ఉన్నాడా లేదా అన్నది సాక్ష్యంతో తేలాల్సిన విషయమని అన్నది. డీలిస్టింగ్ చేయాలని ఇప్పుడు కొందరు అడుగుతున్నరు. ఆ సాక్ష్యం ఎక్కడుంటది? తాసిల్దార్ ఇచ్చే కాయితంలోనే కాదు. బిడ్డకు గట్టు చెప్పిన తల్లి దగ్గర, మేనమామ ఇంటికి పంపిన తల్లి దగ్గర, కోయ మాట నేర్పిన తల్లి దగ్గర ఉంటది.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. చర్చికి పోయే అక్కలారా, మీ విశ్వాసం మీ హక్కు, దాన్ని మీ పిల్లలకు ఇవ్వడం కూడా మీ హక్కే. ఇచ్చేటప్పుడు ఆ ప్రార్థనలో రెండు ముక్కలు కోయలో చెప్పండి. బాప్తిస్మం పేరు పక్కన తాత పేరో అవ్వ పేరో పెట్టండి. చర్చికి పోని అన్నలారా, ఆ తల్లిని "మా మనిషి కాదు" అనే ముందు, మీ ఇంటి ఆడపడుచే కదా అని గుర్తు చేసుకోండి.

తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీకొక పని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మమ్మను, నాయనమ్మను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి. నీకు పేరు ఎట్ల పెట్టారు? మన ఇంట్లో మొదట ప్రార్థన చేసింది ఎవరు, లేదా వేల్పును వదలకుండా పట్టుకుంది ఎవరు? నువ్వు అమ్మకు పాడిన జోల ఏ భాషలో పాడినవ్? సెల్లులో రికార్డు చేసి, రాసి గ్రూపులో పెట్టండి. హేగ్ పేరు, కెయిన్ పేరు పుస్తకాల్లో ఉన్నయి. మన అవ్వల పేర్లు ఇంకా ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. వాళ్లు మాట్లాడగలిగే రోజుల్లోనే రాసుకుందాం.